పెద్దాయన స్టూడియోనా, స్నేహితురాలి సినిమానా: హాలీవుడ్‌లో నల్లజాతి సంగీత దర్శకులకు ఏ దారి మేలు?

కిందటి వేసవిలో ఒక శుక్రవారం సాయంత్రం. రికార్డింగ్ అయిపోయింది, వాద్యకారులు వెళ్లిపోయారు, నేను స్టాండ్ల మీద మిగిలిన కాగితాలు ఏరుతున్నాను. నాది నోట్ల కాపీయింగ్ పని. సంగీత దర్శకుడు రాసిన స్కోరును వయొలిన్లకు వేరుగా, హార్న్‌లకు వేరుగా విడగొట్టాలి. వాద్యకారుడి చెయ్యి ఖాళీగా ఉండే చోటే పేజీ ముగిసేలా సర్దాలి. తెల్లారేసరికి అచ్చు వేసి స్టాండ్ల మీద పెట్టాలి. లాస్ ఏంజెలెస్‌లో ఇరవయ్యేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఇదే. ఆ సీజన్లో నాకు సాయంగా ఒక అమ్మాయి వచ్చింది. ఇరవయ్యారేళ్లు, నల్లజాతి అమ్మాయి, అట్లాంటాలో చర్చి ఆర్గన్ వాయిస్తూ పెరిగింది. సెల్లోల కట్ట చంకలో పెట్టుకుని, "ఒకటి చూసి చెప్తారా" అంటూ ఫోన్ నా చేతికిచ్చింది.

మూడు మెయిళ్లు. ఒకటి ఊళ్లో పేరున్న సంగీత దర్శకుడి స్టూడియోలో అసిస్టెంటు ఉద్యోగం. రెండోది ఫిల్మ్ స్కోరింగ్‌లో మాస్టర్స్ సీటు, సగం స్కాలర్‌షిప్‌తో. మూడోది కాలేజీ స్నేహితురాలి నుంచి: మొదటి సినిమా తీస్తున్నాను, డబ్బు పెద్దగా లేదు, సంగీతం మాత్రం నువ్వే చెయ్యాలి. సోమవారంలోగా అందరికీ జవాబివ్వాలి. అమ్మాయి టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఆ సాయంత్రం ఆమెకు చెప్పినవీ, చెప్పడం మర్చిపోయి తరవాత నాలిక కరుచుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మన పిల్లలు కూడా ఇప్పుడు ఈ చదువుకని ఈ ఊరు వస్తున్నారు కాబట్టి వాళ్లకూ కొంత పనికొస్తుంది. అయితే వాళ్ల ముందున్న దారీ ఈమె ముందున్న దారీ ఒకటి కాదు. ఎందుకు కాదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నా ఓటు ఎటో చివరిదాకా దాచను. మొదటి స్థానం స్నేహితురాలి సినిమాకు. రెండోది అసిస్టెంటు ఉద్యోగం, అదీ గడువు పెట్టుకుంటేనే. చదువు మూడోది, అప్పు లేకుండా అయితేనే. ఈ లెక్కకు నేను వేసుకున్న ప్రశ్నలు రెండు. నువ్వు రాసిన సంగీతం పక్కన నీ పేరు పడుతుందా? నువ్వు లేని గదిలో నీ పేరు ఎత్తేది ఎవరు?

పేరెత్తే మనిషి

రెండో ప్రశ్న ఎందుకంటే, ఈ ఊళ్లో నల్లజాతి సంగీతకారుల చరిత్రంతా దాని చుట్టూనే తిరిగింది. 1953 దాకా లాస్ ఏంజెలెస్‌లో వాద్యకారుల యూనియన్లు రెండు. తెల్లవాళ్లది లోకల్ 47, నల్లవాళ్లది లోకల్ 767. స్టూడియోల పని దాదాపు అంతా 47 వాళ్లదే. బెన్నీ కార్టర్, బడ్డీ కలెట్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పట్టుబడితే ఆ ఏడాది రెండూ ఒకటయ్యాయి. అంతకుముందు నల్లవాళ్లు సినిమాలకు పని చెయ్యలేదని కాదు. విలియం గ్రాంట్ స్టిల్ సింఫనీలు రాసినవాడు, అయినా 1930ల్లో హాలీవుడ్‌లో ఆయన చేసిన పని చాలావరకు వేరేవాళ్ల సంగీతానికి ఆర్కెస్ట్రేషన్, అంటే వాళ్ల బాణీని ఏ వాద్యం ఏం వాయించాలో పంచి రాయడం. 1959లో డ్యూక్ ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్‌తో కలిసి ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’కు సంగీతం చేశాడు. అప్పటికి ఎలింగ్టన్ వయసు అరవై, ప్రపంచమంతా తెలిసిన పేరు. అంత పేరుంటేనే ఆ కుర్చీ దొరికింది.

క్విన్సీ జోన్స్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. పారిస్‌లో పేరున్న సంగీత గురువు నాడియా బూలాంజే దగ్గర చదువుకున్నాడు, 1964లో ‘ది పాన్‌బ్రోకర్’ చేశాడు. చదువులో లోటు లేదు, చేతిలో సినిమా ఉంది. అయినా హాలీవుడ్ స్టూడియోకు పని మీద వెళ్తే, పిలిచినవాళ్లకు ఆయన నల్లవాడని అప్పుడే తెలిసి తెల్లబోయారని క్విన్సీ తరవాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అప్పుడు పేరున్న తెల్లజాతి సంగీత దర్శకుడు హెన్రీ మాన్సినీ మాట సాయం చేశాడు. 1967లో ‘ఇన్ కోల్డ్ బ్లడ్’కు క్విన్సీని పెట్టుకుంటే మూల రచయిత ట్రూమన్ కపోటే అభ్యంతరం చెప్పాడట. దర్శకుడు రిచర్డ్ బ్రూక్స్ వినలేదు. ఆ స్కోరు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. క్విన్సీకి మొత్తం ఏడు నామినేషన్లు వచ్చాయి, పోటీలో ఒక్కటీ గెలవలేదు. 1995లో అకాడమీ ఇచ్చింది మానవతా పురస్కారం. ఒరిజినల్ స్కోరు ఆస్కార్ హెర్బీ హాన్‌కాక్‌కు 1987లో వచ్చింది. తరవాత ఆ విభాగంలో మరో నల్లజాతి సంగీతకారుడు గెలవడానికి 34 ఏళ్లు పట్టింది. 2021లో ‘సోల్’కు జాన్ బటిస్ట్, అదీ మరో ఇద్దరితో కలిసి.

ఇవన్నీ ఎందుకు ఏకరువు పెట్టానంటే, క్విన్సీకి తలుపు తీసినవాళ్లు రెండు రకాలు: పట్టు వదలని దర్శకుడు, హామీ పడ్డ పెద్ద సంగీతకారుడు. ఏ దారైనా ఈ ఇద్దరిలో ఒకరి దగ్గరికి తీసుకెళ్తుందా అని చూడమన్నాను ఆ అమ్మాయిని.

అసిస్టెంటు ఉద్యోగం

ఈ దారి మనకు కొత్తది కాదు. మద్రాసు రీరికార్డింగ్ థియేటర్ల రోజుల నుంచి మన సంగీత దర్శకులు ఇలాగే తయారయ్యారు. కీరవాణి చక్రవర్తి దగ్గర పనిచేశారు, తమన్ మణిశర్మ దగ్గర పనిచేశాడు. గురువు గారి పక్కన కూర్చుని రీలు చూస్తూ ఎక్కడ వాయించాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ ఊరుకోవాలో నేర్చుకునే పద్ధతి అది. ఇక్కడా పద్ధతి అదే, గురువు పక్కన కుర్చీ మాత్రం అంత తేలిగ్గా దొరకదు.

అసిస్టెంటు అసలు చేసే పని ఒకటి చెప్తాను. దర్శకుడు ఒక షాటులో 14 ఫ్రేములు కోసేశాడనుకోండి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే అర సెకను పైచిలుకు. తలుపు మూసుకునే చోట పడాల్సిన డ్రమ్ము దెబ్బ ఇప్పుడు తలుపు మూసుకున్నాక పడుతుంది. దాని వెనకున్న క్యూలన్నీ, అంటే ఒక్కో చోటుకు రాసిన సంగీతం ముక్కలన్నీ, అంతే పక్కకు జరుగుతాయి. కొత్త ఎడిట్ రాత్రి పదకొండింటికి వస్తుంది, పొద్దున తొమ్మిదికి దర్శకుడు వచ్చి వింటాడు. ఈ మధ్యలో టెంపో కాస్త మార్చి, ఒక బార్‌లో ఒక బీటు ఎగ్గొట్టి, విన్నవాడికి అతుకు తెలియకుండా సరిచేసేది అసిస్టెంటే. ఇది ఏ క్లాసులోనూ సరిగా నేర్పలేరు. మొదటి ఆరునెలల్లో నేర్చుకునేది అపారం, ఒప్పుకుంటాను.

ఇబ్బంది ఏడో నెల నుంచి మొదలవుతుంది. "ఈ చిన్న క్యూ నువ్వు రాసెయ్" అంటారు. సంతోషంగా రాస్తాం. అప్పుడు అడగాల్సింది క్యూ షీటు గురించి.

తెలియనివాళ్ల కోసం: క్యూ షీటంటే సినిమాలో గానీ సీరియల్లో గానీ వాడిన ప్రతి సంగీతం ముక్కకూ ఒక వరస ఉండే పట్టిక. ముక్క పేరు, నిడివి, ఎలా వాడారు, రాసింది ఎవరు, పబ్లిషర్ (ఆ సంగీతం హక్కులు చేతిలో ఉన్నవాళ్లు) ఎవరు, ఎవరికెంత శాతం, ఏ సొసైటీ. టీవీలో ప్రసారమైనప్పుడల్లా, విదేశాల్లో హాళ్లలో ఆడినప్పుడల్లా ఆస్కాప్, బీఎంఐ, సెసాక్ లాంటి సొసైటీలు ఈ పట్టిక చూసే డబ్బు పంచుతాయి. సగం రాసినవాడిది, సగం పబ్లిషర్‌ది. విచిత్రమేమిటంటే అమెరికాలో థియేటర్ల నుంచి ఈ డబ్బు రాదు. 1948 నాటి కోర్టు తీర్పు తరవాత సినిమా హాళ్లు సొసైటీలకు కట్టడం ఆగిపోయింది. కాబట్టి ఇక్కడ సంగీత దర్శకుడికి టీవీ, స్ట్రీమింగ్, విదేశీ ప్రదర్శనల రాయల్టీయే ముసలితనానికి ఆధారం. పట్టికలో పేరు లేకపోతే ఆ ఆధారం మొదలే ఉండదు.

నాకు జరిగింది కూడా చెప్తాను. ఈ ఊరొచ్చిన కొత్తలో ఒకరి దగ్గర అసిస్టెంటుగా చేరి ఒక టీవీ సీరియల్‌కు పదకొండు నిమిషాల సంగీతం రాశాను. సీరియల్ ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఆడుతూనే ఉంది, మా చెల్లెలు సింగపూర్‌లో చూశానని ఫోన్ చేసింది. పట్టికలో నా పేరు లేదు. అడిగితే "నీకు జీతం ఇచ్చాంగా" అన్నారు. చట్టప్రకారం వాళ్లది తప్పు కాదు, సంతకం పెట్టింది నేనే. ఆ తరవాతే కాపీయింగ్‌లోకి వచ్చేశాను. ఇక్కడ వాయించేవాళ్లకు, ఆర్కెస్ట్రేటర్లకు, మా కాపీయిస్టులకు యూనియన్ ఉంది, రేటు ఉంది. సంగీత దర్శకులకు లేదు. ఎంతిస్తే అంత.

నాకు పోయింది డబ్బు, కొంచెం పౌరుషం. నల్లజాతి సంగీతకారులకు ఇది అంతటితో పోదు. స్టిల్ కాలం నుంచీ వాళ్ల పని తెర మీద ఉంటూ, పేరు తెర వెనక ఉండిపోవడమే ఆనవాయితీగా వచ్చింది. పేరు లేని మూడేళ్లు అయ్యాక వేరే దర్శకుడు "నువ్వేం చేశావు" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. పెద్ద ఇంటిపేరో, తండ్రిగారి పరిచయాలో ఉన్నవాళ్లకు ఆ ఖాళీని పూడ్చే మనుషులుంటారు. ఈ అమ్మాయికి లేరు.

అందుకే ఆమెకు మూడు ప్రశ్నలు రాసిచ్చాను, స్టూడియోకు మెయిల్ చెయ్యమని. నేను రాసిన క్యూలకు క్యూ షీటులో నా పేరు, ఎంత శాతం పెడతారు? సొంతంగా రాసే అవకాశం ఎన్నాళ్లకు ఇస్తారు? ఇక్కడి నుంచి వెళ్లిన చివరి ముగ్గురు అసిస్టెంట్లు ఇప్పుడేం చేస్తున్నారు? మూడోది చాలామంది అడగరు. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే. ఆ ముగ్గురూ ఇంకా వేరేవాళ్ల స్టూడియోల్లో అసిస్టెంట్లుగానే ఉంటే విషయం అర్థమైపోతుంది. జవాబులు బాగుంటే చేరొచ్చు. క్యాలెండర్లో పద్దెనిమిది నెలల దగ్గర ఒక గీత గీసుకుని, ఆ రోజు వచ్చినప్పుడు లెక్క చూసుకోవాలి.

మాస్టర్స్ సీటు

లాస్ ఏంజెలెస్‌లో యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా), బెర్క్‌లీ సంగీత కాలేజీ, న్యూయార్క్‌లో ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ). ఈ చదువుకు పేరున్న చోట్లు ఇవి. నిజమైన ఆర్కెస్ట్రా ముందు నిలబడి సొంత సంగీతం రికార్డు చేసుకునే అవకాశం అన్నిటికన్నా పెద్ద లాభం. కంప్యూటర్లో బ్రహ్మాండంగా వినిపించిన వయొలిన్ వరస మనుషులు వాయిస్తే ఎందుకు పలచబడిందో ఒక్క మధ్యాహ్నంలో తెలుస్తుంది.

కానీ ఈ చదువుల అసలు విలువ పక్క బిల్డింగులో ఉంటుంది, ఫిల్మ్ డిపార్ట్‌మెంట్లో. ‘బ్లాక్ పాంథర్’ సంగీతానికి ఆస్కార్ గెలిచిన లుడ్విగ్ యోరాన్సన్ స్వీడన్ నుంచి వచ్చిన తెల్లవాడు. ఆ సినిమా దర్శకుడు రయన్ కూగ్లర్‌ను కలిసింది యూఎస్‌సీలో, ఇద్దరూ విద్యార్థులుగా ఉన్నప్పుడు. కూగ్లర్ తీసిన స్టూడెంట్ సినిమాకు సంగీతం చేశాడు, తరవాత 2013లో ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’, ఆపైన అన్నీ. నల్లజాతి కథల మీద వచ్చిన ఆ పెద్ద సినిమాకు సంగీత దర్శకుణ్ని నిర్ణయించింది ఒక రకంగా చూస్తే కాలేజీ క్యాంటీన్. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. సీటు తీసుకునేవాళ్లు మాత్రం దీన్నే గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్లు సంగీతం క్లాసుల్లోనే తల దూర్చి, ఒక్క దర్శకుడితోనూ స్నేహం చేసుకోకుండా బయటికొస్తే ఫీజులో సగం వృథా.

స్కాలర్‌షిప్ పోను మిగతా సగం ఫీజు సంగతేంటని ఆ అమ్మాయిని అడిగాను. అప్పు అంది. వద్దన్నాను. స్నేహితురాలైన దర్శకురాలు ముందే ఉన్నప్పుడు, దర్శకుల్ని వెతుక్కోవడానికి అప్పు చేసి కాలేజీకి పోవడమేమిటి? ఎవరూ లేని పిల్లలకు, పూర్తి స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లకు మాట వేరు. చర్చి ఆర్గన్ నుంచో, బీట్లు చేసే ల్యాప్‌టాప్ నుంచో వచ్చి ఆర్కెస్ట్రా కాగితం ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా మాట వేరే. ఈ అమ్మాయి నాకు సెల్లో పార్టులు దిద్ది ఇస్తోంది, ఆమెకు ఆ కొరత లేదు.

ల్యాబులు, ఫెలోషిప్‌లు, గ్రాంట్లు

ఇవి ఆమె మెయిళ్లలో లేవు, నేనే గుర్తు చేశాను. సన్‌డాన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉత్తర కాలిఫోర్నియాలోని స్కైవాకర్ సౌండ్‌తో కలిసి సంగీత దర్శకుల కోసం ల్యాబ్ నడిపింది. ఆస్కాప్‌కు ఎప్పటినుంచో స్కోరింగ్ వర్క్‌షాప్ ఉంది. యూనివర్సల్ స్టూడియో వైవిధ్యం కోసమని సంగీత దర్శకుల కార్యక్రమం పెట్టింది. న్యూ మ్యూజిక్ యూఎస్ఏ, సెసాక్ కలిసి 2021లో ‘రీల్ చేంజ్’ అనే నిధి మొదలుపెట్టాయి, సంగీత దర్శకుడు క్రిస్టోఫ్ బెక్ చొరవతో. అందులో డబ్బుతో పాటు మెంటార్‌ను కూడా ఇచ్చేవారు.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. దర్శకుడితో జత కలిపే ల్యాబుకు నేను పెద్ద పీట వేస్తాను. చేతిలో ఉన్న సినిమాకు ఆర్కెస్ట్రా ఖర్చు ఇచ్చే గ్రాంటు దాని తరవాత. ఉపన్యాసాలు విని, గ్రూప్ ఫొటో దిగి వచ్చేసేవి చివర. 2020 తరవాత ఇలాంటివి చాలా పుట్టుకొచ్చాయి, అన్నీ నిలబడేవి కావు. రీల్ చేంజ్ మొదలైనప్పుడే అయిదేళ్ల కార్యక్రమమని చెప్పారు. కాబట్టి అప్లై చేసే ముందు ఈ ఏడాది నడుస్తోందో లేదో చూసుకోవాలి. జీవితాన్ని దాని చుట్టూ కట్టుకోకూడదు. పండక్కి వచ్చిన బోనస్ లాంటిది, నెల జీతం కాదు.

దర్శకురాలి స్నేహం

టెరెన్స్ బ్లాంచర్డ్ న్యూ ఆర్లియన్స్ ట్రంపెట్ వాద్యకారుడు. స్పైక్ లీ సినిమాలకు మొదట వాయించడానికే వచ్చాడు. అప్పట్లో స్పైక్ సినిమాలకు సంగీతం వాళ్ల నాన్న బిల్ లీది. 1990 నాటి ‘మో బెటర్ బ్లూస్’ రికార్డింగ్‌లో విరామం దొరికినప్పుడు బ్లాంచర్డ్ పియానో ముందు కూర్చుని తను రాసుకున్నదేదో వాయించుకుంటుంటే స్పైక్ విని, ఏమిటది, వాడుకోవచ్చా అని అడిగాడు. తరవాత దానికి తీగ వాద్యాలు కలిపి రాయగలవా అన్నాడు. బ్లాంచర్డ్ అంతకుముందు ఆ పని చెయ్యలేదు. రాస్తానని ఒప్పుకుని, న్యూ ఆర్లియన్స్‌లో తన పాత గురువు రోజర్ డికర్సన్‌కు ఫోన్ కొట్టాడు. ఆ ఫోన్ ఫలితం మరుసటి ఏడాది ‘జంగిల్ ఫీవర్’, ఆ తరవాత 1992లో ‘మాల్కమ్ ఎక్స్’, మూడు దశాబ్దాల ప్రయాణం, రెండు ఆస్కార్ నామినేషన్లు. 2021లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా తన చరిత్రలో మొదటిసారి ఒక నల్లజాతి సంగీతకారుడి ఒపెరాను ప్రదర్శించింది. అది బ్లాంచర్డ్‌దే.

ఇందులో నాకు బాగా నచ్చే మనిషి డికర్సన్. ఆయన హాలీవుడ్ వాడు కాదు, స్టూడియో లేదు, ఎవరికీ ఉద్యోగం ఇప్పించలేడు. ఊళ్లో పాఠం చెప్పిన గురువు. భయం వేసినప్పుడు ఫోన్ చెయ్యడానికి అలాంటి ఒక్కడు చాలు. పని ఇచ్చే మనిషి, పని నేర్పే మనిషి ఒకరే కావాలని పట్టుబట్టేవాళ్లు చాలా ఏళ్లు వృథా చేసుకుంటారు.

మైకేల్ ఏబెల్స్ కథ ఇంకో రకం. శాంటా మోనికాలో ఒక స్కూల్లో సంగీతం నేర్పుతూ, ఆర్కెస్ట్రాలకు రాస్తూ ఉండేవాడు. ఆయన కచేరీ రచన ఒకటి యూట్యూబ్‌లో విని జోర్డన్ పీల్ వెతుక్కుంటూ వచ్చాడు. 2017లో ‘గెట్ అవుట్’ వచ్చేనాటికి ఏబెల్స్ యాభై దాటినవాడు. తరవాత ‘అస్’, ‘నోప్’ కూడా ఆయనే చేశాడు. 2023లో రియానన్ గిడెన్స్‌తో కలిసి రాసిన ఒపెరాకు పులిట్జర్ వచ్చింది. జాన్ సింగిల్టన్ ‘బాయ్జ్ ఇన్ ద హుడ్’కు బేస్ గిటారిస్టు స్టాన్లీ క్లార్క్‌ను పెట్టుకున్నాడు. డీ రీస్ ‘మడ్‌బౌండ్’కు బ్రూక్లిన్ పంక్ వేదికల నుంచి వచ్చిన తమర్-కాలీని తీసుకుంది. ఈ జాబితాలో ఎవరూ పెద్ద స్టూడియోలో మెట్టు మెట్టు ఎక్కి వచ్చినవాళ్లు కారు. ఒక దర్శకుడు గానీ దర్శకురాలు గానీ వేలు పెట్టి "వీళ్లే" అన్నారు, అంతే.

ఇక నష్టాలు. డబ్బు తక్కువ, అది మొదటిది. రెండోది ప్యాకేజీ ఉచ్చు: నీకు ఇచ్చే మొత్తంలోనే వాద్యకారులు, రికార్డింగ్, మిక్సింగ్ అన్నీ చూసుకో అంటారు. చూసుకున్నాక చేతిలో పెట్రోలు డబ్బులు మిగులుతాయి. నీ ఫీజు వేరు, సంగీతం ఖర్చు వేరు అని కాగితం మీద రాయించుకోవాలి, స్నేహితురాలైనా సరే. స్నేహితురాలు కాబట్టే మరీను. ఫీజు తక్కువైతే పబ్లిషర్ వాటా సగం నా దగ్గరే ఉంచుకుంటానని అడగాలి. డబ్బు లేని నిర్మాత దగ్గర బేరమాడటానికి మిగిలేది అదొక్కటే. ఎన్నిసార్లు తిరగరాయాలో కూడా ఒక అంకె ఉండాలి.

మూడో నష్టం అన్నిటికన్నా బాధ పెట్టేది. స్నేహితురాలి మొదటి సినిమా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడి పేరొస్తుంది, రెండో సినిమా పెద్ద స్టూడియోకు వెళ్తుంది, అక్కడివాళ్లు "సంగీతానికి పేరున్నవాళ్లు కావాలి" అంటారు. అప్పుడు ఆ దర్శకురాలు రిచర్డ్ బ్రూక్స్ లాగా నిలబడుతుందా? ముందే తెలియదు. కానీ నిలబడుతుందా లేదా అని ఊహించడానికి ఒక గుర్తుంది. ఇప్పుడు, డబ్బు లేనప్పుడు, నీ సంగీతం కోసం ఎవరితోనైనా గొడవపడుతోందా? నిర్మాత తెచ్చిన టెంప్ మ్యూజిక్‌ను (ఎడిటింగ్ అప్పుడు తాత్కాలికంగా పెట్టే వేరేవాళ్ల సంగీతాన్ని) నీకోసం పక్కన పెడుతోందా? "నా కోసం ఎడిటర్‌తో ఆల్రెడీ రెండుసార్లు కొట్లాడింది" అంది మా అమ్మాయి నవ్వుతూ. నాకు అది చాలు.

మూసలో పడకుండా

నల్లజాతి సంగీత దర్శకుడంటే జాజ్ కావాలి, హిప్‌హాప్ కావాలి, చర్చి కోరస్ కావాలి అని పిలుస్తారు. ఆ పిలుపులు వద్దనక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టాలి. కానీ పంపే నమూనా రీలులో మొదటి ముక్క ఏది పెట్టామన్నది మన చేతిలోనే ఉంది. క్రిస్ బవర్స్ జూలియార్డ్‌లో చదివి, 2011లో థెలోనియస్ మాంక్ జాజ్ పియానో పోటీ గెలిచినవాడు. అక్కడే ఆగిపోవచ్చు. ‘గ్రీన్ బుక్’, ‘బ్రిడ్జర్టన్’ చేసి, 2024లో ‘ది వైల్డ్ రోబో’ లాంటి యానిమేషన్ సినిమాకు నిండు ఆర్కెస్ట్రాతో రాసి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. మా అమ్మాయి రీలు చూశాను. మొదటి ముక్క హామండ్ ఆర్గన్, గాస్పెల్. చాలా బాగుంది. దాన్ని నాలుగో స్థానానికి జరపమన్నాను, ముఖం చిన్నబుచ్చుకుంది. ఈ విషయంలో నేను పొరబడి ఉండొచ్చు, ఆ ఆర్గన్ ఆమె సొంత గొంతు. అయినా మొదటి ముప్పై సెకన్లు విని మూసేసే నిర్మాతలను చూసినవాణ్ని.

సాటివాళ్లు, పెద్దవాళ్లు

ఇది ఎంచుకోవాల్సింది కాదు, ఏ దారిలో ఉన్నా పెట్టుకోవాల్సిందే. ఏబెల్స్ మరికొందరితో కలిసి స్థాపించిన కంపోజర్స్ డైవర్సిటీ కలెక్టివ్ ఉంది. సొసైటీ ఆఫ్ కంపోజర్స్ అండ్ లిరిసిస్ట్స్‌కు మెంటార్ కార్యక్రమం ఉంది. ఆడవాళ్లకు 2014లో మొదలైన అలయన్స్ ఫర్ విమెన్ ఫిల్మ్ కంపోజర్స్ ఉంది. ఎవరు ఎంతిచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు అన్న సమాచారం ఇలాంటి చోట్లే దొరుకుతుంది.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక మాట. నల్లజాతిలో పేరొచ్చిన నలుగురైదుగురి తలుపే అందరూ కొడతారు, వాళ్లకూ రోజుకు ఇరవై నాలుగు గంటలే. "నాకు మెంటార్‌గా ఉండండి" అంటే ఎవరైనా బెదిరిపోతారు. రెండు నిమిషాల క్యూ పంపి "ఒకటో నిమిషం దగ్గర సంభాషణకు అడ్డుపడుతోందా" అని అడిగితే జవాబొస్తుంది. అలాంటి జవాబులు మూడు వచ్చాక మెంటార్ అన్న మాట అనకపోయినా ఆ మనిషి మెంటారే. ఆయన నల్లవాడే కావాలని కూడా లేదు, మాన్సినీ కాదు కదా.

సోమవారం ఆమె కాలేజీకి వద్దని రాసింది. స్నేహితురాలికి సరే అంది. స్టూడియోకు మూడు ప్రశ్నలూ పంపింది. మొదటి రెండిటికీ మర్యాదగానే జవాబొచ్చింది: ఆరునెలలకు క్యూలు, పట్టికలో ఆమె పేరుకు సగం వాటా. మూడోదాన్ని దాటేశారు. సినిమా అయ్యాక చేరతాను, అప్పటికీ ఖాళీ ఉంటే, అని రాసింది. ఒప్పుకున్నారు.

పోయిన నెల ఆ సినిమా క్యూ షీటు తెచ్చింది, చూసిపెట్టమని. 31 వరసలు, ప్రతి వరసలోనూ ఆమె పేరు. నిడివులు సరిపోయాయి. పబ్లిషర్ గడి మాత్రం పై నుంచి కింది దాకా ఖాళీ. ఆ సగం ఎవరిదో ఒప్పందంలో చూసి, సొసైటీకి ఫోన్ చేసి కనుక్కుని నింపు, అంతవరకు పంపకు అన్నాను. కాగితాలు బల్ల మీదే వదిలేసి ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లింది.